ఇమ్లీబన్ దాటి

పద్నాలుగేండ్ల సర్వీసు.
వనపర్తి నుంచి పట్నం, పట్నం నుంచి వనపర్తి.
ఎన్ని ట్రిప్పులో డిపోల రాసుంటది, నా దగ్గర లేదు.
నేను చూసిన హైదరాబాదు మాత్రం
ఒక ప్లాట్‌ఫాం, కంట్రోలర్ కిటికి,
లేడీస్ రూముల మూల పగిలిన అద్దం,
గాలి మళ్లితే మూసీ వాసన.

రెండు దినాలు సెలవు పెట్టినం, నేను, సువార్తమ్మ.
కారణం రాయమన్నకాడ "చూసొస్తం" అని రాసింది సువార్తమ్మ.
క్లర్కు కొట్టేసి "స్వంత పని" అని దిద్దిండు.

గేటు దాటి నది పక్కపొంటి నడిచినం.
పావుగంటల మ్యూజియం వచ్చింది.
పద్నాలుగేండ్లు. పావుగంట.
నడిరోడ్డు మీద ఆగి నవ్విన,
ఆటో ఆయన ఉర్దూల ఏమో తిట్టిండు.

లోపల సామాను మస్తున్నది.
దంతం కుర్చీలు, పిడికి పచ్చలు పొదిగిన కత్తులు.
పాలరాతి ముసుగు కింద ఒక పిల్ల మొఖం,
ముసుగు రాయే, మొఖం రాయే, అయినా అవుపడ్తున్నది.
సువార్తమ్మ వంగి వంగి చూసి
"గీ గుడ్డ ఉతికితే ఆరనీకె ఎంత సేపో" అన్నది.

పన్నెండు కావస్తుంటే జనమంత గడియారం ముందల.
లెక్కపెట్టొద్దనుకున్న.
నూట ముప్పై ఏడు, చంకల పిల్లలను వదిలి.
చిన్న తలుపు తెరుసుకున్నది.
వేలెడంత గడ్డపాయన వచ్చి కొట్టిండు, పన్నెండు దెబ్బలు,
లోపలికి పోయిండు, తలుపు పడ్డది.
చప్పట్లు కొట్టి జనం ఒక్కపారే చెదిరిండ్రు,
ఆఖరి స్టేజీల దిగినట్టు.
మేమిద్దరమే నిలబడ్డం.
"మళ్ల ఒంటిగంటకు రావాలె గద.
గా గంటసేపు లోపల కూసుంటడా, నిలబడ్తడా?"
నాకేం తెలుసు సువార్తమ్మా.

ఒంటిగంట దాంక ఆగినం.
ఒక్కటే దెబ్బ. ఇరవై మంది గూడ లేరు.
గంత చిన్న పనికి గూడ
టైముకు, పూర్తి డ్రెస్సుల వచ్చిండు.

తెల్లారి పురానీ హవేలీ.
నిజాం బట్టల బీరువ. బీరువ అంటే మన బీరువ గాదు,
నాలుగు బస్సులు వరుస పెట్టినంత పొడుగు.
ఒకసారి తొడిగిన అంగీ మళ్ల తొడగలేదంట.
నాయి రెండు ఆప్రాన్లు, ఒకటి తీగె మీద, ఒకటి ఒంటి మీద.
సంచి పట్టీ రాసుకొని భుజం కాడ రంగు పోయినయి.
గసుంటి మరక ఆ అరలల్ల ఎక్కడన్న ఉన్నదా అని ఊకె చూసిన.
పాపం, ఏ అంగీకి గూడ
మనిషి ఎరుకయ్యేంత పొద్దు ఇయ్యలేదాయన.

చౌమహల్లాల దీపాల గుత్తుల కింద మెడ నొచ్చేదాంక చూసి
నీళ్ల హౌజు పక్కన చద్దిడబ్బ ఇప్పినం.
గార్డు ఉరికొచ్చిండు, ఇక్కడ తినొద్దని.
మాటల మాట, ఆయనది అచ్చంపేట.
నా మొఖం చూసి చూసి అన్నడు:
"అక్కా, నువ్వు నాకు రెండు రూపాలు ఇయ్యాలె.
టికెట్ ఎనుక రాసిచ్చినవ్, దిగేటప్పుడు మర్సిన."
ఏ యేడో, ఏ బస్సో, నేనేనని ఏం గ్యారంటి?
ఇచ్చిన. తీసుకున్నడు గూడ.
తినేదాంక అటు మళ్లి నిలబడ్డడు.

లాడ్‌బజార్ల గాజులు బేరం చేసి కొనలే.
కొనకున్నా ఒక్క జత తొడిగి చూపిచ్చిండు ముసలాయన,
నా మణికట్టు పట్టుకొని "పనిచేసే చెయ్యి" అన్నడు.
అందుకే కొనలేదేమో.

సాయంత్రం మా డిపో బస్సే దొరికింది.
కొత్త పిలగాడు కండక్టరు, తిరుపాలు. పాస్ అడగలే.
మేమే అడిగి జీరో టికెట్ తీసుకున్నం,
మ్యూజియం టికెట్టుతోటి కలిపి దాసుకోనీకె.
కిటికి పక్కన కూసున్న. కూసునుడే కొత్త.
"రైట్" అన్నడు తిరుపాలు,
నా నోరు గూడ అన్నది, సప్పుడు లేకుంట.

వంతెన మీద సువార్తమ్మ చెయ్యి గుంజి టైము చూసుకున్నది.
"ఆరాయె. మ్యూజియం మూసుంటరు."
"మూసినా వస్తడు."
"ఎవరు చూడనీకె?"
బస్సు గుంతల పడ్డది, జవాబు పడిపోయింది.

అలవాటున తలలు లెక్కపెట్టిన.
నలభై రెండు అనుకున్న,
మళ్ల మొదటి నుంచి, మెల్లగ.
నలభై మూడు.
ఈసారి నన్ను గూడ ఏసుకున్న.