నీటి కాసులు

మొదట కండ్ల కలకనే అనుకున్న.
కొత్తవాడల ఆ ఎండకాలం ఇంటికొకరివి ఎర్రబడ్డయి,
వారం తిరిగేసరికి అందరివీ తేటబడ్డయి.
నా కుడికన్ను ఒక్కటే
మళ్లా మళ్లా అలిగింది.

వెలుతురు చూస్తే సూది గుచ్చినట్టు.
మగ్గం ముందర కూసుంటే
నీలం నూలు, నల్ల నూలు ఒకటే పొగ.
మందుల దుకాణం ఖలీల్ భాయి
నా నడక చూసే సీసా తీసి పెట్టేటోడు.
రెండు చుక్కలు.
పొయ్యిల నీళ్లు చల్లినట్టు ఎరుపు సల్లారేది.
చీటీ ఆయన అడగలే, నేను చూపలే.
పద్నాలుగు నెలలు ఆ సల్లదనాన్నే నమ్మిన.

నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరంటరు?

ఒకనాటి రాత్రి
వీధి బల్బు చుట్టూ రంగుల గాజులు.
మంచిగున్నదని మా యారాలికి చూపిచ్చిన.
ఆమెకు ఒట్టి బల్బే కనబడ్డది.

తర్వాత జంపఖానా అంచు తప్పింది.
కుడి అంచు, నాలుగు వేళ్ల మేర.
సంఘంల కొలిచే విఠలయ్య పక్కకు పడేసి
"చంద్రకళా, నిద్రల నేసినవా?" అన్నడు.
చూసినంత మేర సక్కగనే నేసిన.
చూడని మేర ఒకటున్నదని
నాకెట్ల తెలుస్తది?

కంటి దవాఖానల గడ్డం ఆనిచ్చి
నీలి దీపం ముందర
కన్ను బిగువు తూచిండ్రు.
"నలభై రెండు" అన్నది డాక్టరమ్మ.
రాసుకునే పిల్ల పెన్ను ఆగింది.
లోపల వాపొచ్చినప్పుడల్లా
కంటిపాప అంచు వెనకకు అతుక్కున్నదట,
నీళ్లు పోయే సందు పూడుకపోయిందట,
సల్లార్చిన చుక్కనే
మిగిలిన సందునూ మూసిందట.
"మందు చెడ్డది కాదు,
ఎవరినీ అడగకుండ ఏడాది పోసుకునుడే చెడ్డది."

దీని పేరేందమ్మా, అన్న.
నీటి కాసులు.

నవ్వొచ్చింది.
మా ఇంట్ల కాసులని పేరున్నది
ఇన్నేండ్లకు ఇదొక్కటే,
అదీ ఖర్సయినంక తెలిసింది.
పోయిన చూపు రాదట.
ఉన్నది కాపాడుకోవాల్నట.

ఇప్పుడు సీసాలు మూడు.
గడియారం చూసి మా చిన్నోడు యాదికి చేస్తడు.
మగ్గం కాడ జర కుడికి జరిగి కూసుంట,
ఆ అంచు పోగులు
బొటనవేలితోటి లెక్కవెడుత.

నిన్న విఠలయ్య కొలిచిండు.
కుడి దిక్కు ఏమన్లే.
ఎడమ అంచు వంకరున్నదన్నడు.

నిజమే.
పానమంత ఇటు పెట్టి
చూపున్న దిక్కే మరిచిన.