జూన్‌లో మంచు

సినిమాలో మంచు కురిసింది.

హెర్మినా పుస్తకంలో అది జూన్.
సెగెద్ ఊరి చివర ఇటుకల బట్టీ,
నిలువ నీడలేని జనం,
నాలుక అంగిట్లో అతుక్కుపోయే ఎండ.
ఆ పేజీ టైపు కొట్టింది నేనే.
"ఎండ" అన్నచోట మీట ఇరుక్కుని
ఒక అక్షరం రెండుసార్లు పడింది.
దిద్దబోతే ఆపింది హెర్మినా.
"ఉండనీ. అంత ఎండే."

ఈ మంచెందుకని ఆబెల్ చెవిలో అడిగాను.
మా చెల్లెలి మనవడు, ఇలాంటివి చదువుకున్నవాడు.
"లేకపోతే జనం నమ్మరు" అన్నాడు.
చావుకి చలికాలమైతేనే నప్పుతుందట.

ఆ నెల లిండెన్ చెట్లు విరగబూశాయి.
ఊరంతా తేనె వాసన.
రైలు పెట్టె చెక్కల సందుల్లోంచి కూడా
ఆ వాసనే వచ్చిందని
నూట పన్నెండో పేజీలో ఒక్క వాక్యం.
తెరకి ముక్కు లేదు.
వయొలిన్ ఉంది.

తర్వాత కుట్టుమిషను ఘట్టం.
"నువ్వొచ్చేదాకా దాచిపెడతాను" అని
పక్కింటావిడ మోసుకుపోయిన మిషను.
పుస్తకంలో మూడంటే మూడు పంక్తులు:
హెర్మినా తిరిగొచ్చింది,
ఆ ఇంటి కిటికీ కింద నిలబడింది,
లోపల మిషను నడుస్తోంది.
అధ్యాయం అయిపోయింది.

సినిమాలో ఆవిడకి మాగ్దా అని పేరు పెట్టారు,
ఇంటికి ఆకుపచ్చ తలుపు పెట్టారు.
మాగ్దా ఏడ్చింది, మోకాళ్లమీద పడింది,
మిషను తిరిగి ఇచ్చేసింది.
నా వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

వ్రాతప్రతిలో అసలు పేరుండేది.
బోద్రోగి.
ఏడు అక్షరాలూ నా వేళ్లతోనే కొట్టాను.
అది మా ఇంటిపేరు.
అప్పటిదాకా నాకు తెలియదు.
పనిలో చేరిన మొదటిరోజు నేను తొడుక్కున్న నీలం గౌను
మా అమ్మ ఆ మిషను మీద కుట్టిందే.
హెర్మినా నా కాలరు కేసి చూసి
"కుట్టు బాగుంది" అంది.
ఇంకేమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

మర్నాటికి పేరుమీద పెన్సిల్ గీత.
"పేరు పెడితే తప్పు ఒక్క ఇంటిదే అవుతుంది,
ఊరు హాయిగా నిద్రపోతుంది."
పుస్తకం అచ్చయిన ఏడాది
మా వీధిలో చాలామంది కిటికీలకి
కొత్తగా మందపాటి తెరలు వచ్చాయి.

ఇప్పుడేమో అందరూ కలిసి
మాగ్దా ఒక్కదాన్ని క్షమించేసి
కోట్లు తొడుక్కుని
చేపల పులుసు తినడానికి వెళ్లారు.
మా అమ్మని ఎవరు క్షమించమన్నారు వీళ్లని?
మిషను మా ఇంట్లోనే ఉంది.
దాని మీద పూలకుండీ పెట్టాను.
ఇచ్చేస్తానని చెప్పడానికి
హెర్మినా బతికుండగా మూడుసార్లు వెళ్లాను.
మూడుసార్లూ టీ తాగి వచ్చాను.

అయినా ఒకటి ఒప్పుకోవాలి.
ఆ దర్శకుడెవరో, ఎండంటే తెలియని కుర్రాడు,
ఆమె కిటికీ కింద నిలబడ్డప్పుడు
వయొలిన్ ఆపేశాడు.
చీకట్లో మిషను చప్పుడు ఒక్కటే.
టకటకటక,
గుడ్డ తిప్పుకున్నంతసేపు ఆగి
మళ్లీ టకటక.
యాభై ఏళ్లుగా చదువుతున్నాను ఆ వాక్యాన్ని.
అందులో ఆ ఆగడం లేదు.

ఆబెల్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు,
చలిగా ఉందా అని.

చలి కాదు.
సీటు కింద నా పాదాలు
మడమా వేళ్లూ, మడమా వేళ్లూ,
తొక్కుతున్నాయి.