నీలం బంతి

చీపురుపల్లి సంతకు పోయే దారిలో
మా తాత కొలిమి ఉండేది.
తిత్తి లాగడం నా వంతు.
"గబగబా కాదే గుంటా,
నిప్పుకీ పొట్టుంటాది, నిండనీ,
నిండినాక ఒగ్గీ" అనేవాడు సింహాచలమాచారి,
గొడ్డలి అంచు మీంచి కళ్లెత్తకుండా.

అది పాఠమని అప్పుడు తెలీదు.

ఇంటరయ్యాక నర్సింగ్ సీటు జారిపోయి
మిగిలిన కాగితం మీద ఈ కోర్సు పేరుంది.
పెద్దమ్మ అడిగింది: డాక్టరా?
కాదు.
నర్సా?
కాదు.
మరేటే?
ఊపిరి చూసేదాన్ని, అన్నాను.
"ఊపిరి కనబడతాదేటి, సూడ్డానికి" అని
చింతపండులో గింజలు తీయడంలో పడింది.

కనబడుతుంది పెద్దమ్మా.
విజయనగరంలో, రెండో అంతస్తులో,
రాత్రి రెండింటికి తెర మీద
ఆకుపచ్చ గీతై కనబడుతుంది,
రామతీర్థం కొండల వరసలా లేచి పడుతూ.
మెడ కింద గుంటలో కనబడుతుంది,
పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోయే చోట.
లేనప్పుడు ఇంకా బాగా కనబడుతుంది,
గోళ్ల కింద నేరేడు రంగులో.

మెహరున్నీసా మేడమ్ మొదటి వారం
నన్ను మిషన్ ముట్టుకోనివ్వలేదు.
స్టెతస్కోపు చేతికిచ్చి, "విను. అంతే" అంది.
విన్నాను.
ఒకరి రొమ్ములో పిల్లికూతలు,
ఒకరిలో మంగలంలో పేలాలు,
ఒకరి ఎడమవైపు ఏమీ లేదు,
తాళం వేసిన గది.
ఆ ఏమీ లేకపోవడం దగ్గరే
నా చేయి వణికింది.

అంబు సంచి నొక్కుతూ పరిగెత్తిన రాత్రి
లిఫ్టు పనిచేయలేదు.
మెట్లు.
మెట్టుకో నొక్కు, కాదు, రెండు మెట్లకో నొక్కు.
"గబగబా కాదే గుంటా"
నా మణికట్టులో కూర్చుని ఎవరో చెబుతూనే ఉన్నారు.
గంట్యాడ నుంచి తెచ్చిన ఆ పిల్లాడి పేరు
అంతా అయిపోయాక కేసు షీట్లో చదివాను.
తెల్లవారి బస్సులో కిటికీ సీటు దొరికింది.
అంత గాలి ఊరికే మొహానికి తగులుతుంటే
ఓర్వలేక అద్దం దించేశాను.

సూరప్పడి సంగతి వేరు.
జూట్ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ల నార దుమ్ము,
పదకొండు రోజులు మిషన్ మీద.
గొట్టం తీసిన పొద్దున మొదట దగ్గాడు,
తర్వాత మమ్మల్నందరినీ తిట్టాడు.
మంచి లక్షణం, అంది మేడమ్.
"నువ్వేటి సదివినావమ్మా?"
చెప్పాను.
"ఊపిరికీ సదువుంటాదా!
నాను సదవకుండానే అరవయ్యేళ్లు తీసీసినాను"
అని నవ్వబోయి మళ్లీ దగ్గులో పడ్డాడు.

మూడు బంతుల డబ్బా ఇచ్చాను.
పీల్చు బాబూ, ఊదకు. పీల్చు.
ఊదాడు.
మనవడు లాక్కుని మూడూ ఒకేసారి లేపేసి
ఇంతకన్నా పెద్దది లేదా అన్నాడు.

ఇంటి దగ్గర తిత్తికి ఎలక కొరికిన కన్నం.
జనం వెల్డింగ్ షాపుకి పోతున్నారు,
తాత దాన్నలాగే మేకుకి తగిలించి ఉంచాడు.
నైట్ దిగి వెళ్తే మంచం మీద చోటిచ్చి
"ఈయాల ఎంతమందికి లాగినావే?" అంటాడు.
ఏడుగురికి, అంటాను.
ఒక్కోసారి, ఒకరికి అందలేదు తాతా, అంటాను.
విరిగిన నాగలి కర్రుని చూసినట్టు
నా చేతుల్ని కాసేపు తిప్పి చూస్తాడు.
ఏమీ అనడు.

నాలుగో రోజు సాయంత్రం
సూరప్పడు కళ్లు మూసి, గొట్టం మీద పెదాలు బిగించి పీల్చాడు.
మొదటి అరలో నీలం బంతి కదిలింది.
జంకింది.
లేచి, పైన టక్‌మని తగిలి
ఒక్క క్షణం అక్కడే ఆగింది.
మిగతా రెండూ కింద కూర్చుని ఉన్నాయి.

వార్డులో ఎవరి గోల వాళ్లది.
రిజిస్టర్లో రాశాను:
ఒకటి.