మదరాసు దాకా పోదు

బంగారుపాళెం దాటినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల. గేటు ముందు అరమైలు ట్రాక్టర్లు,
తోతాపురి వాసనకి మత్తెక్కిన ఈగలు.
తిరపతిలో తెల్లారుజాము బస్సెక్కి వచ్చి
మూడు రోజులుగా
వాళ్ళ రిజిస్టర్లలో ముక్కు పెట్టుకుని కూర్చున్నాను.

దొరికింది చిన్నదే.
కాటా దగ్గర తూకం చూసేదీ
చీటీ రాసేదీ
సాయంత్రం ఆ చీటీలకి డబ్బు మంజూరు చేసేదీ
ఒకే చెయ్యి.
ఆ చేతి పేరు ఎతిరాజులు.
పదిహేడేళ్ళ నౌకరీ, ఒక్క కిలో తేడా లేదు.
రెండుసార్లు కూడి చూశాను. లేదు.

లేని తేడాని ఎట్లా రాయాలి?

'ప్రమాదం' అని రాసి కొట్టేశాను.
ఆ మాట వింటే జనం హైవే మీదికి పరిగెత్తుతారు.
'ముప్పు' అన్నాను. అది
అడివి దిగి తోటల్లోకొచ్చే ఏనుగులకి చెల్లే మాట.
'రిస్కు' అంటే, రిస్కు లేని యాపారం యాడుంది మేడం
అని నవ్వుతాడు మేనేజరు దామోదరం నాయుడు.
కడాన మా ఆఫీసు తెలుగే గతి:
'పరిశీలించవలసిన ఆవశ్యకత కలదని గమనించడమైనది.'
ఎవరు గమనించారో, ఎవరు పరిశీలించాలో
దేవుడికి కూడా అంతుపట్టదు.
పదకొండేళ్ళుగా నన్ను కాపాడుతున్న వాక్యం.
దాని పక్కన పసుపుపచ్చ చుక్క పెట్టాను.

ఆయన చుక్క చూశాడు, వాక్యం చదవలేదు.
"పసుపే కదా మేడం, శుభం."
కాఫీ తెప్పించాడు.
ఎర్రది మాత్రం పెట్టొద్దండి, బ్యాంకోళ్ళ కళ్ళు పడతాయన్నాడు.
"ఎతిరాజులు మీద అనుమానమా?"
లేదన్నాను.
"దుడ్లు యామన్నా పోయినాయా?"
లేదన్నాను.
"ఇంగేముండాది?"
ఏముందో నా గొంతులో ఉంది,
ఫైల్లో లేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సగంలో మూసి
షెడ్డులోకి నడిచాను.
బెల్టు పక్కన ఆడవాళ్ళు, నెత్తిన గుడ్డలు,
మోచేతుల దాకా సొన కాల్చిన మచ్చలు.
చివర చెంగమ్మ.
కాయ తీస్తుంది, తొడిమ దగ్గర బొటనవేలితో అదుముతుంది.
రాత్రి లారీకి పోయే పెట్టెల్లోకి ఇటు,
ఇప్పుడే గుజ్జుకి అటు.
అటు పడ్డ కాయొకటి తీసి చూశాను.
మచ్చ లేదు, మెత్తబడలేదు.
ఇది బాగానే ఉంది కదమ్మా?
"బాగుంది. ఎవురు బాగలేదనింది?
మదరాసు దాకా పోదు, అంతే."

కాయని తిట్టలేదు. తోటని తిట్టలేదు.
దారి ఎంత పొడుగో, కాయ ఎంత దూరమో చెప్పింది,
చెప్పి ఇంకో కాయ అందుకుంది.

మళ్ళీ ఆయన గదికి పోయాను.
ఎతిరాజులు మంచోడు, కావాలంటే రాసిస్తాను.
మీ కాటా మొత్తం ఆయన మంచితనం మీద నడస్తా ఉంది.
ఆయనకి జ్వరమొచ్చి
ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చున్న రోజు...
ఇది వచ్చే కాపు దాకా పోదు సార్.

కాఫీ మీద మీగడ కట్టింది.
దామోదరం నాయుడు కిటికీలోంచి కాటా వైపు చూశాడు.
అక్కడ చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని
అంకెల మీదికి వంగుతున్నాడు ఎతిరాజులు.
"ఇంకో గుమాస్తాని పెడితే నెలకి ఎంతవుతాదో"
అన్నాడాయన, నాతో కాదు.

చుక్క రంగు మార్చలేదు.
పాత వాక్యం తీసేసి,
చెంగమ్మకి చదివి వినిపిస్తే తెలిసేట్టు
రెండు ముక్కలు రాశాను.
పై ఆఫీసులో ఎవరో దాన్ని మళ్ళీ
'గమనించడమైనది' చేస్తారేమో, తెలీదు.

సాయంత్రం గేటు దగ్గర ఆయనే నిలబడి ఉన్నాడు.
"నా మీద ఏమో రాసినారంట మేడం."
మీ మీద కాదు, ఆ కుర్చీ మీద అన్నాను.
పదిహేడేళ్ళ కుర్చీకీ మనిషికీ
మధ్య సందెక్కడుందో నాకే కనపడలేదు.
ఆయన తలూపాడు.
జేబులోంచి పండొకటి తీసి,
తొడిమ దగ్గర వేలితో అదిమి చూసి ఇచ్చాడు.
"తిరపతి దాకా పోతాది, ఏం గాదు."

తీసుకోకూడదన్నాను, రూలు.
"పండు గూడానా?"
బస్సొచ్చింది.