కారణం: ఇతరములు

అచ్చంపేట దవాఖాన, రికార్డు రూము.
ఎలుకలు కొరికిన రిజిస్టర్లు మూడు,
వాన తాగి ఉబ్బినవి ఇంకో రెండు.
పదేండ్ల గాయాలు
గీతకొకటి చొప్పున పండుకొని ఉన్నయి.
తేలుకాటు. తాటిచెట్టు మీంచి పడుట.
పురుగుమందు, పురుగుమందు, మళ్ళ పురుగుమందు.
తుపాకి అన్న మాట ఎక్కడా లేదు.

లేనిదాన్ని లెక్కబెట్టుడే నా కొలువు.

"మేకు గుచ్చుకొనుట" అని రాసినకాడ
ఎక్స్‌రేను ఎండకు పట్టి చూస్తే
జొన్నగింజలంత తెల్లచుక్కలు, పదకొండు.
"కట్టెలు కొట్టంగ తెగినది."
గొడ్డలి వేలు తెంపుతది గని
తోలు కింద మసి కూరుతదా?
"పటాకలు పేలి" అట.
తేదీ చూసిన: దీపావళి పోయి రెండు నెలలు.
మిగిలినయన్నీ ఒక్క మాట కింద: ఇతరములు.

కట్లు కట్టే మౌలాలి సాబ్ నవ్విండు.
"అబద్ధం గాదమ్మా, అది గూడ కట్టే.
పుండుకు ఒకటి, పోలీసు కేసుకు ఒకటి."

ముప్పై ఒకటి తేలినయి.
గోడకు నెలల వరుస గీసి చుక్కలు పెట్టిన.
పల్లికాయ ఊరే నెలల్లనే
బెల్లానికి చీమలోలె గుమిగూడినయి.
చేతులకు, తొడలకు, కండ్లకు తగిలినవి ఇవి.
పందికి తగిలినవి నా లెక్కల రావు.

బల్మూరు దాటినంక గుండ్లచెల్క.
పదిహేడో నంబరు.
ఈదమ్మ చెట్ల నుంచి పల్లికాయ తెంపుతున్నది.
నేను కాగితం తీసిన: ఇరవై రెండు ప్రశ్నలు,
పేరు ఎవరికీ చెప్పమన్న హామీ, కింద వేలిముద్రకు జాగ.
హామీని ఆమె చదివించుకోలే.
నా దోసిట్ల ఇంత కాయ పోసింది.

ఎవరిది తుపాకి?
"మా మామది. ఆయన పోయిండు, అది ఉన్నది."
ఎప్పుడూ మందు కూరే ఉంటదా?
"కూరకపోతె ఎట్ల? సలాకతోని దంచి, గుడ్డపేలిక పెట్టి,
రవ్వలు పోసేటాలకు పంది ఆగుతదా?
రేపు పొద్దుగాల రమ్మంటె వస్తదా?"
ఎక్కడ పెట్టిండ్రు?
"దూలానికి. పిల్లగానికి అందకుంట."
కొద్దిసేపు కాయలు తెంపింది.
"పిల్లగాడు పెరుగుతడన్నది యాదికి లేకపాయె."

ప్రమాదమా, కావాలని జరిగిందా, చెప్పలేరా?
మూడు డబ్బాలు, ఒకదాంట్ల టిక్కు పెట్టాలె.
"కావాలని అంటె?
మాకు పల్లి కావాలె బిడ్డా.
పంది గూడ గదే కావాలనుకున్నది."

నా ఇరవై రెండు ప్రశ్నలల్ల
చేనుకు కంచె ఉందా అన్నది లేదు.
పంట పోతే పైసలెవరన్న ఇచ్చిండ్రా అన్నది లేదు.
పక్కన ఖాళీల రాసుకున్న, కాయల మట్టి అంటిన పెన్నుతోని.

ఇప్పుడెక్కడున్నది మరి?
"గొట్టం మా కాడ. మందు డబ్బి మా తోటికోడలి కాడ.
ఆమెకు నాకు మాటల్లేవు.
నాలుగేండ్లసంది రెండూ కలువలే."
నేను చదివిన ఏ పుస్తకంల
ఇంత గట్టి తాళం కప్ప లేదు.

పర్వతాలు గడప మీద కూసున్నడు.
పదమూడేండ్లుంటయి. ఉన్న కన్నుతోని
నా కాగితాన్ని తలకిందులుగ చదువుతున్నడు.
"పదిహేడంటె నేనేనా?"
ఊఁ అన్న.
"అయితె నాకంటె ముందు పదహారుమందికి తగిలింది."
ఊఁ.
"వాండ్లకు తగిలినప్పుడు
అడగనీకి ఎవరూ రాలేదా?"

దోసిట్ల పల్లికాయ అట్లనే ఉన్నది. ఒక్కటి గూడ వొలవలే.

ఆఖరి బస్సుకు రోడ్డు మీద నిలబడ్డ.
చెల్కల దిక్కు ఎక్కడనో ఒకటి పేలింది.
కుక్కలు మొరిగినయి, ఆగినయి.
పందే కావాలె, పందే కావాలె
అనుకుంట
మనిషి గొంతు ఏదన్న లేస్తదేమోనని
బస్సు లైట్లు కనబడేదాక
ఒకటి, రెండు, మూడు లెక్కబెట్టుకుంట ఉన్న.