తిరగేసి మొదలుపెట్టాలి

ముందు కడగాలి.
రంగు డబ్బా మూత తియ్యాలని చెయ్యి దురద పెడతది, నాకు తెలుసు,
అయినా ముందు చాకలి సోడా నీళ్ళు, చిరిగిన బనీను గుడ్డ.
ఎన్ని తలల కొబ్బరినూనో ఈ వీపు పలక మీద,
కడిగిన నీళ్ళు చారు రంగులో పోతాయి కాలవలోకి.

కావలి ట్రంకు రోడ్డులో వెంగమాంబ స్టూడియో ఎత్తేస్తే
పాత సామాన్ల ఖాజావలి దగ్గర
రెండు కుర్చీలు ఏడొందలకి బేరమాడి తెచ్చినా.
"ఈ డబ్బుకి ప్లాస్టిక్‌వి కొత్తవే వస్తాయి గదమ్మా" అన్నాడు.
వస్తాయి.
వాటి మీద మా రత్నక్క కూర్చోని ఫోటో దిగలేదు గదా.
అక్క కూర్చోని ఉంది.
నేను పక్కన కుర్చీ చెయ్యి పట్టుకోని నిలబడి ఉండా.
రెండోది విరిగిందన్నాడు ఫోటోలాయన.

రోహిణి కార్తెలో అయితే అరపూట ఎండ చాలు.
ఆరినాక కాళ్ళు ఊపి చూడాలి.
వదులైన చోట పాత జిగురు గీకేసి కొత్తది పూసి
నులక తాడుతో బిగించి రాత్రంతా వదిలెయ్యాలి.
ఒకదాని ముందు కాలికి ఇనప పట్టీ, రెండు తుప్పు మేకులు.
ఓహో, నువ్వేనా
ఆ రోజు నాకు దక్కనిదానివి.

ఇంక గరుకు కాగితం. ముందు ఎనభై నంబరు, తర్వాత నూట ఇరవై.
ముక్కుకి తడిగుడ్డ కట్టుకోవాలి, పాత రంగుల్లో సీసం ఉంటది.
కట్టె చార ఎటు పోతే చెయ్యీ అటే.
అడ్డంగా రుద్దినావా,
ఆ గీతలు కొత్త రంగు కింద నించి ఎక్కిరిస్తాయి.
పైన కాఫీపొడి రంగు.
దాని కింద మెరూను, కలరు ఫోటోలొచ్చిన కాలందేమో.
దాని కింద నలుపు.
నలుపు కింద

మాది నలభై ఆరేళ్ళ తగాదా.
ఆ కుర్చీ కాకరకాయ పచ్చ అంటా నేను.
నీలం అంటది అక్క. బిట్రగుంట నించి ఫోన్ చేసి మరీ అంటది.
అమ్మ తద్దినం నాడు విస్తళ్ళ ముందర కూడా అనింది.
ఫోటోలో పచ్చా బూడిదే, నీలమూ బూడిదే.
అది ఇద్దరి పక్కనా సాక్ష్యం చెప్తానే వచ్చింది.

నీలం.
తెల్లబట్టలకి పెట్టే నీలిమందు నీలం.
కాగితం చేతిలో పట్టుకోని కాసేపు అట్టనే కూర్చున్నా.
బకెట్టు నిండి నీళ్ళు వాకిట్లోకి పోతా ఉండాయి.

తర్వాత ఏం చెయ్యాలంటే, లప్పం.
మేకు బొక్కల్లో, పగుళ్ళలో వేలితో అదిమి, ఆరినాక సాపు చెయ్యాలి.
ఆ పైన తెల్ల ప్రైమరు ఒక పూత.
ప్రైమరంత మంచిది లేదు.
కిందేముందో ఎవురికీ చెప్పదు.

రంగు మాత్రం తిరగేసి మొదలుపెట్టాలి.
కాళ్ళు పైకి పెట్టి, ముందు మరుగున ఉండే చోట్లు,
ఆఖర్న కూర్చునే పలక.
బ్రష్షు మూడో వంతే ముంచాలి.
పల్చగా రెండు పూతలు.
మందంగా ఒకటే వేసేస్తే పిలకాయల చీమిడి మాదిరి కారి గడ్డకడతది.
మూడు దాటితే తుమ్మలపెంట దిక్కు నించి సముద్రపు గాలి తిరుగుతది,
తడీ ఇసకా మోసుకోని.
ఆ లోపలే ముగించాలి.

ఏం రంగంటారా?
కాకరకాయ పచ్చే.
ఇల్లు నాది, బ్రష్షు నాది.

అక్క కుర్చీకి మాత్రం
అడుగు పలక కింద, అరచెయ్యంత మేర
ప్రైమరు కూడా తగలకుండా వదిలినా.
ఎవురన్నా అడిగితే డబ్బా అయిపోయింది అంటా.

ఆదివారం పాసింజరుకి వస్తది.
ముందు తనే కూర్చుంటది, ఆ కుర్చీలోనే.
"చూసినావా, పచ్చే" అంటా.
ఆమె వంకాయల్ని కూడా అడుగున తీసి చూసే మనిషి.
చూడనీ.
తిరగేసి చూడాలంటే
ముందు లెయ్యాలి గదా.