నూట యాభై మూడు చుక్కలు

ఆదోనిలో ఏ యంత్రం విప్పినా
ముందు దూది బయటికొస్తుంది.
జిన్నింగు మిల్లుల గాలి అట్లాంటిది.
ఉరుకుందమ్మ కారు తెర విప్పినప్పుడూ అంతే,
ఫ్యాను రెక్కల సందులో
చిటికెడు తెల్లటి పోగు.

ఏడేళ్ల బండి.
మోటారుకు రోగం లేదు, బ్యాటరీ నూటికి ఎనభై మూడు.
తెర మాత్రం మే నెల పద్నాలుగున
ఎమ్మిగనూరు దాటినాక నల్లబడింది.
తెర పోతే ఏసీ లేదు, దాని మీట తెరలోనే ఉంది.
వెనక సీట్లో డయాలసిస్‌కు పోయే ముగ్గురు,
దాహమైనా గుటకలు లెక్కపెట్టుకునే వాళ్లు.
అద్దాలు దించి, వడగాలిలో
కర్నూలు దాకా ఆమె నోరు తెరవలేదంట.

షోరూంలో పిల్లోడు మర్యాదగానే చెప్పినాడు:
"ఈ మోడలుకు సపోర్టు అయిపోయిందమ్మా.
యూనిట్ మొత్తం మార్చాల. లక్షా ఎనభై.
అదీ స్టాకుంటే."
"బండి బాగుంది గదప్పా" అనిందంట ఈమె.
"బండి బాగుందమ్మా" అన్నాడంట వాడు.
ఇద్దరూ కాసేపు
ఆ బాగున్న బండిని చూస్తా నిలబడినారంట.

మా జేజినాయన దూదేకుల పీరయ్య
ఇదే వీధిలో విల్లు మోగించినోడు.
నాలుగైదేళ్లకోసారి ఊరి పరుపులన్నీ
ఆయన ముందుకు రావాల్సిందే.
కుట్లు విప్పి, గడ్డకట్టినదాన్ని
నరంతీగ మీద ఎగరగొడితే
పెండ్లినాటి దూదే మళ్లా మబ్బయ్యేది.
"దూది ముసలిదైతుందా? నలుగుతుంది, అంతే" అనేవాడు.
ఏ పరుపుకూ నీ కాలం తీరిందని
ఆయన చెప్పింది లేదు.
చెప్పుంటే మాకు కూడుండేది కాదు, అది వేరే మాట.

బోర్డు మీదికి దీపం దించినాను.
గోరంత మెమరీ చిప్పు, జబ్బు అక్కడ.
రేయింబవళ్లు రాయమని దానికెవరో చెప్పినారు:
తలుపు తీసినారు, తలుపు వేసినారు,
ఏడూ మూడు నిమిషాలకు అద్దం తుడిచినాను.
ఎవరూ చదవని డైరీ.
రాసి రాసి పలకే అరిగిపోయింది.
దాని మీద నాకు కోపం రాలేదు.

మూడువందల నలభై డిగ్రీల వేడి గాలి.
ఊపిరి బిగబట్టి పట్టకారుతో ఎత్తితే
అడుగున నూట యాభై మూడు చుక్కలు,
ఒక్కోటి సజ్జగింజలో పదోవంతు.
పాతదాంట్లో మిగిలిందంతా గోకి
కొత్తదాంట్లోకి పోసి, చుక్క మీద చుక్క కూర్చోబెట్టి...
రెండుసార్లు తప్పింది.
మూడోసారి మా చిన్నది షంషాద్ లేచొచ్చి
టార్చి పట్టుకుంది.

తెర వెలిగింది.
గురువారం, జనవరి ఒకటి,
పందొమ్మిదివందల డెబ్బై
అన్నది మొదటి మాటగా.
ఒళ్లు మరిచి లేచిన ఇట్లాంటి యంత్రాలు
తాము ఆ పొద్దే పుట్టినామనుకుంటాయి.
నవ్వబోయి ఆగినాను.
ఆ గురువారానికి మా నాయనకింకా పెండ్లి కాలేదు.
ఈ అరుగు మీదే జేజినాయన
కనుబొమ్మల నిండా దూదితో
ఎవరి పరుపో విప్పుతా ఉండుంటాడు.

తేదీ దిద్దుకోవాలంటే టవరు పలకాల.
ఈ బండి సిమ్ము భాష తెలిసిన టవరు
ఊర్లో ఇంగ లేదు.
కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కనీకుండా కంపెనీ తాళమొకటుంది,
దాని చెవి నా దగ్గర లేదు. అబద్ధం ఎందుకు,
నేను దూది మాత్రం ఏకినాను.
కొత్త గుడ్డ నా చేతిలో లేదు.
మళ్లీ ఎన్నేళ్లకు గడ్డకడుతుందో చెప్పలేను.

ఉరుకుందమ్మ ఏసీ నొక్కి
అరచెయ్యి గాలికి పెట్టింది. చాలాసేపు పెట్టింది.
వెనక కెమెరాలో మా గేటు, గేటు మీద కాకి.
"తేదీ తప్పు గదన్నా" అనింది.
మళ్లా తనే,
"మావాళ్లకు సోమ, బుధ, శుక్రవారాలు గుర్తుంటే చాల్లే"
అని నోట్లు లెక్కపెట్టింది.

చప్పుడు చెయ్యకుండా కదిలింది బండి.
డెబ్బైలో, గురువారం పొద్దున,
ఎమ్మిగనూరు రోడ్డెక్కింది.